దాసుడికి కుట్టిన అంగీ

మా తెలుగు సంఘం అమెరికాలో ఎడారి ఊరైన చాండ్లర్‌లో ఒక అమెరికన్ చర్చి వాళ్ళ హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు ఆరాధన జరుపుకుంటుంది. పొద్దున వాళ్ళది అయిపోయాక కుర్చీలు మళ్ళీ సర్దుకుని మేం మొదలుపెడతాం. ఎక్కువమందిమి గుంటూరు, ప్రకాశం, కృష్ణా జిల్లాల వాళ్ళం. మగవాళ్ళలో సగంమంది కంప్యూటర్ చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీల్లో, సగంమంది సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు. నేను ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. అందుకని సంఘ వార్షికోత్సవానికి నాటకం వేద్దామనుకున్నప్పుడు బట్టల బాధ్యత ఎవరిదని ఎవరూ అడగలేదు. అమ్మగారు, అంటే మా పాస్టరుగారి భార్య, నా వైపు చూసి తలూపారు. అంతే.

నాటకం రాసిందీ అమ్మగారే. కథ బైబిల్లోది, మావాళ్ళందరికీ తెలిసిందే. రోమా ప్రభుత్వం కింద ఉన్న ఒక ఊళ్ళో, గ్రీకు మాట్లాడే ధనవంతుడి ఇంటినుంచి దాసుడొకడు పారిపోతాడు. క్రీస్తు సువార్త చెప్పి చెరసాల పాలైన అపొస్తలుణ్ణి కలుసుకుంటాడు. ఆయన దగ్గర వాడి మనసు మారుతుంది. ఆయన, ఇతణ్ణి దాసుడిలా కాక తమ్ముడిలా చేర్చుకోమని ఒక చిన్న ఉత్తరం రాసి, దాన్ని ఆ దాసుడి చేతికే ఇచ్చి, తిరిగి యజమాని దగ్గరికి పంపిస్తాడు. వాడు తిరిగొచ్చి తలుపు తట్టడం దగ్గర అమ్మగారి నాటకంలో అసలు ఘట్టం మొదలవుతుంది.

దాసుడి వేషానికి ఆవిడ ఎంచుకున్న బ్రదర్‌కి యాభై దాటాయి. పొడగరి. గొంతు ఖంగుమంటుంది. ఎంత పెద్ద డైలాగైనా రెండుసార్లు చదివితే వచ్చేస్తుంది. ఆయన గురించి మాకందరికీ తెలిసిన ఇంకో సంగతి ఆయన చొక్కాలు. జూన్ నెలలో ఇక్కడ కారు స్టీరింగు ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. అందరం పలచటి టీషర్టుల్లో తిరుగుతుంటే ఆయన మాత్రం ఫుల్ హ్యాండ్స్ చొక్కా టక్ చేసుకుని, మణికట్టు దగ్గర గుండీ పెట్టుకుని వచ్చేవారు. పిక్నిక్‌కైనా అదే వేషం. ఫ్యాక్టరీలో ఆయన పనిచేసేచోట దుమ్ము పడకుండా తలనుంచి పాదాల దాకా తెల్ల సూటు తొడుక్కోవాలి, కళ్ళు తప్ప ఏమీ కనపడవు. ఆ సూటు లోపల వేసుకునే చొక్కాకి కూడా ఇస్త్రీ చేసుకుంటారని వాళ్ళావిడ చెప్పి నవ్వేది. మేమూ నవ్వేవాళ్ళం.

నేను బట్టల కొట్టుకి వెళ్ళి నాలుగు గజాల గోనెగుడ్డ తెచ్చాను. దాంతో ఒక అంగీ కుట్టి, కుట్టిన తరువాత కత్తెర తీసుకుని అక్కడక్కడా చించాను. చిరుగు అంచుల్లోంచి పోగులు లాగాను. టీ డికాషన్‌లో ముంచి, పెరట్లో మట్టి రుద్ది ఎండలో పడేశాను. ఎండాక చూస్తే నాకే ముచ్చటేసింది. యజమాని వేషానికి అమ్మగారు తన పట్టుచీర ఒకటి ఇచ్చారు, ఊదారంగుది, జానెడు జరీ అంచు. దాన్ని ఒంటి చుట్టూ తిప్పి భుజం మీద వేస్తే రాజులా ఉంటాడని మా ఇద్దరి ఊహ.

శనివారం హాల్లో బట్టలు వేసి చూసుకునే రిహార్సల్ పెట్టుకున్నాం. నేను సంచీలోంచి గోనె అంగీ తీసి బ్రదర్‌కి ఇచ్చాను. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని పైకెత్తి చూశారు.

"ఇది ఎవరికి సిస్టర్?"

"మీకే బ్రదర్. దాసుడి డ్రెస్."

ఒక చిరుగులో వేలు పెట్టి చూశారు. "చిరిగిందా, చించారా?"

"నేనే చించాను. రియలిస్టిక్‌గా ఉంటుందని."

ఆయన దాన్ని కుర్చీ మీద పరిచి, చేతులు లోపలికి మడిచి, నాలుగు మడతలు పెట్టి నాకు తిరిగి ఇచ్చారు. "ఇది నేను వేసుకోను" అన్నారు.

అమ్మగారు దగ్గరికి వచ్చారు. "స్టేజి మీద అరగంటే కదా బ్రదర్. ఎవరేమనుకుంటారు?"

"అరగంటైనా వేసుకోను అమ్మగారూ. యాక్ట్ చేస్తాను. నేల తుడవమంటే తుడుస్తాను. కాళ్ళు కడగమంటే కడుగుతాను. ఇది మాత్రం వద్దు."

"ఎందుకు వద్దు?"

ఆయన వాటర్ బాటిల్ తీసుకుని, అమ్మగారికి వందనాలు చెప్పి బయటికి నడిచారు. ఆయన తలుపు దాటుతుండగా నేను పక్కనున్న వాళ్ళతో, "ఇస్త్రీ నలుగుతుందని భయం కాబోలు" అన్నాను. ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు. తలుపు ఇంకా పూర్తిగా మూసుకోలేదు. ఆయన ఒక్క క్షణం ఆగి వెళ్ళిపోయారు. విన్నారని నాకు అప్పుడే తెలుసు.

ఇంటికి వచ్చాక ఆ కోపంలోనే మా అమ్మాయికి చెప్పాను. తను అప్పుడు పదో తరగతి, స్కూల్లో లాటిన్ తీసుకుంది. తను నా పక్షాన ఉంటుందనుకున్నాను. సంచీలోంచి గోనె అంగీ తీసి చూసి ముఖం చిట్లించింది.

"మమ్మీ, డిడ్ యు చెక్? నిజంగా వాళ్ళు ఇదే వేసుకునేవాళ్ళా?"

"దాసులు మరేం వేసుకుంటారే?"

"ఐ డోంట్ నో. నీకూ తెలీదు కదా. లెట్స్ లుక్ ఇట్ అప్."

సోమవారం సాయంత్రం ఇద్దరం లైబ్రరీకి వెళ్ళాం. ప్రాచీన గ్రీకుల, రోమన్ల దుస్తుల మీద బొమ్మలున్న పెద్ద పుస్తకం ఒకటి దొరికింది. భోజనాల బల్ల మీద పెట్టుకుని, తను చదివి చెబుతుంటే నేను బొమ్మలు చూశాను. మొదటి విషయమే నాకు నచ్చింది. గ్రీకుల బట్టల్లో కత్తెర పనీ కుట్టు పనీ చాలా తక్కువట. మగ్గం మీంచి దిగిన గుడ్డను దిగినట్టే ఒంటికి చుట్టుకుని, భుజాల దగ్గర పిన్నులు పెట్టుకుని, నడుముకు తాడు కట్టుకునేవారట. "అయితే మన చీరా, పంచే" అన్నాను. "యా, కైండ్ ఆఫ్" అంది.

హోదా అంతా ఆ గుడ్డ పొడవులో, నేతలో, రంగులో, చుట్టుకున్న తీరులో ఉండేదట. ఒళ్ళు వంచి పనిచేసేవాడిది మోకాలి పైకి, ఒక భుజం వదిలేసి ఉంటుంది. తీరిక ఉన్నవాడిది పాదాల దాకా, దాని మీద ఒక పెద్ద ఉత్తరీయం. రోమన్లు పైన చుట్టుకునే టోగా అయితే పౌరుడు తప్ప వేరేవాళ్ళు వేసుకోకూడదు. దాని కింది అంగీ మీద నిలువు చార వెడల్పుగా ఉంటే ఒక అంతస్తు, సన్నగా ఉంటే ఇంకో అంతస్తు. అసలైన ఊదారంగు సముద్రపు నత్తల నుంచి తీసేవారట, పిసరంత రంగుకి వేలకొద్దీ నత్తలు కావాలి. కొనలేనివాళ్ళు ఏవో వేర్లతో, నాచుతో ఆ రంగు వచ్చేలా చేసుకునేవారు.

ఆ తరువాత దాసుల పేజీ వచ్చింది. మా అమ్మాయి చదువుతూ చదువుతూ ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివింది. దాసులకంటూ వేరే దుస్తులు లేవట. పేద స్వతంత్రుడు ఏం వేసుకుంటాడో దాసుడూ అదే వేసుకుంటాడు. ధనవంతుల ఇళ్ళల్లో ముందు గదుల్లో తిరిగే దాసులకు మంచి బట్టలే ఇచ్చేవారు, అది యజమానికి గొప్ప కాబట్టి. ఒకసారి రోము పెద్దల సభలో, దాసుల్ని గుర్తుపట్టడానికి వాళ్ళకు ప్రత్యేకమైన దుస్తులు పెడదామని ఎవరో అన్నారట. సభ ఒప్పుకోలేదు. అలా పెడితే తామెంతమందో దాసులకు తెలిసిపోతుందని భయపడ్డారట.

మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తి నన్ను చూసింది. నేను గోనె అంగీని చూశాను. ఆ చిరుగుల కోసం నేను రెండు సాయంత్రాలు పనిచేశాను.

బుధవారం సాయంత్రం ఫోన్ చేసి, పుస్తకం పట్టుకుని బ్రదర్ వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళావిడ టీ పెట్టింది. ఆయన ఫ్యాక్టరీ నుంచి వచ్చి ఇంకా బట్టలు మార్చుకోలేదు. నేను కూర్చోగానే, "బ్రదర్, శనివారం నేనన్న మాట మీకు వినపడింది కదా. తప్పుగా అన్నాను" అన్నాను.

"సర్లేండి సిస్టర్."

అంతలో వాళ్ళ అమ్మాయి పైనుంచి దిగి, "హాయ్ ఆంటీ" అని తాళాలు తీసుకుని కాలేజీకి వెళ్ళిపోయింది. మోకాళ్ళ దగ్గర రెండు పెద్ద చిరుగులున్న జీన్స్ వేసుకుంది. ఆయన తలుపు వైపు చూసి, నా వైపు తిరిగారు.

"దానికి చెప్పలేను. షాపులో అలాగే అమ్ముతున్నారు, అది కొనుక్కుంది. దానికి అది ఉత్త గుడ్డ సిస్టర్. నాకు కాదు."

తరువాత ఆయనే చెప్పారు. నేను అడగలేదు. బాపట్ల దగ్గర పల్లె వాళ్ళది. వాళ్ళమ్మ ఒక ఆసామి పొలంలో కలుపుకీ, నాట్లకీ వెళ్ళేది. పండక్కి ఆ ఇంట్లోవాళ్ళు పాత బట్టలు ఇచ్చేవారు. నాలుగో తరగతిలో ఉండగా ఒక చొక్కా ఇచ్చారు. గళ్ళ చొక్కా, మోచేయి దగ్గర చిరుగు. అది వేసుకుని ఈయన బడికి వెళ్తే, ఆ ఇంటి పిల్లాడు అదే తరగతిలో ఉన్నాడు. "ఒరే, అది మా అన్నయ్య చొక్కారా" అన్నాడట. వాడు కొట్టలేదు, తిట్టలేదు. పక్కవాళ్ళందరికీ ఆ చిరుగు చూపించి, తమ అన్నయ్య సైకిలు మీంచి పడితే అది ఎలా చిరిగిందో చెప్పాడంతే. అందరూ వచ్చి ఆ చిరుగులో వేలు పెట్టి చూశారు.

"ఇంటర్వెల్‌లో విప్పేసి సంచీలో పెట్టుకుని ఒట్టి ఒంటితో ఇంటికి పోయాను. మా అమ్మ కలుపుకి పోయి వచ్చింది. నేనేం చెప్పలేదు, సంచీలో చొక్కా చూసి ఆమెకే అర్థమైంది. మళ్ళీ ఆ ఇంటి గుడ్డపేలిక ముట్టుకోలేదు సిస్టర్. ఏడాదికి ఒక్క జత, క్రిస్మస్‌కి. అదే సంవత్సరమంతా. చిరిగితే ఆ రోజే కుట్టేది. గంజి పెట్టి, చెంబులో నిప్పులు పోసి, దాంతో రుద్ది ఇస్త్రీ చేసేది. చర్చికి బయల్దేరితే రోడ్డు మీద టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళు, 'కలెక్టరుగారు పోతన్నాడ్రోయ్' అనేవాళ్ళు. అమ్మ చెయ్యి పట్టుకుని తల తిప్పకుండా నడిపించేది."

వాళ్ళావిడ టీ కప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ చొక్కా సంగతి తానూ అదే మొదటిసారి వినడమని తరువాత నాతో అంది. మా అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. మా ఇంట్లో తెల్లచీరలు దండెం నిండా ఉండేవి. పాత బట్టలు ఇచ్చేవాళ్ళమే గాని పుచ్చుకున్నవాళ్ళం కాదు. ఇస్తున్నప్పుడు చిరుగు కుట్టి ఇవ్వాలని మాకెప్పుడూ తోచలేదు.

పుస్తకం తెరిచి దాసుల పేజీ చూపించాను. పాలరాతి మీద చెక్కిన ఒక బొమ్మ ఉంది, యజమానీ దాసుడూ పక్కపక్కన నిలబడినది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఇందులో దాసుడెవరు?" అన్నారు.

"కింద రాశారు. కుడివైపు, పొట్టి అంగీ."

"కింద రాయకపోతే?"

"తెలీదు బ్రదర్."

ఆయన పుస్తకం మూసి నాకిచ్చి, "ఇలాంటిదైతే కుట్టండి, వేసుకుంటాను" అన్నారు.

ముతక నూలు గుడ్డ తెచ్చి కొత్తగా రెండు అంగీలు కుట్టాను, యజమానికొకటి, దాసుడికొకటి. రెండూ ఒకే తానులోవి. యజమానిది పాదాల దాకా, అంచుకి ఎర్రటి పట్టీ. దాసుడిది మోకాళ్ళ దాకా, నడుముకి తోలుతాడు. పట్టీకి ఊదారంగే వేద్దామనుకున్నాను గాని, నా చేతిలో అది బీట్‌రూట్ రంగుకి తిరిగింది. నిజమైన ఊదా కొనలేనివాళ్ళ రంగు అలాగే ఉండేదేమోనని సరిపెట్టుకున్నాను. యజమాని మీద వేయడానికి ఒక ఉన్ని దుప్పటిని ఉత్తరీయంగా మార్చాను.

అమ్మగారికి ఇవేవీ నచ్చలేదు. పట్టుచీర తిరిగి ఇచ్చేస్తుంటే ఆవిడ ముఖం చిన్నబోయింది.

"ఇద్దరూ ఒకేలా ఉంటే చూసేవాళ్ళకి దాసుడెవరో ఎలా తెలుస్తుందమ్మా?"

"మాటల్లో తెలుస్తుంది అమ్మగారూ. మీరు రాసిన డైలాగుల్లోనే ఉంది కదా."

ఆవిడ చీర మడత పెట్టుకుంటూ, "చూద్దాం. జనానికి అర్థం కాకపోతే నీదే పూచీ" అన్నారు.

నాటకం రోజు హాలు నిండిపోయింది. పక్క ఊళ్ళు మీసా నుంచి, గిల్బర్ట్ నుంచి కూడా కుటుంబాలు వచ్చాయి. యజమాని వేషం వేసినాయన సాఫ్ట్‌వేర్ మనిషి, సన్నగా, కొంచెం పొట్టిగా ఉంటాడు. తెర తీసేసరికి ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు నిలబడి ఉన్నారు. మా బ్రదర్ తలెత్తి నిటారుగా నిలబడితే ఆ మోకాలి అంగీలో కూడా నిండుగా ఉన్నారు. ఎవరూ ఇంకా మాట్లాడలేదు. రెండో వరసలోంచి ఐదారేళ్ళ పాప ఒకతె గట్టిగా అడిగింది, "మమ్మీ, విచ్ వన్ ఈజ్ ద స్లేవ్?"

హాలంతా గొల్లుమంది. వెనక నిలబడ్డ అమ్మగారు నా వైపు చూశారు.

అప్పుడు యజమాని వచ్చి కుర్చీలో కూర్చుని, ఏమీ అనకుండా కాలు ముందుకు చాపాడు. బ్రదర్ వంగి నేల మీద మోకాళ్ళూని, తల కిందికి దించి, ఆయన చెప్పు పట్టీ విప్పడం మొదలుపెట్టారు. నవ్వు ఆగిపోయింది. పట్టీ ముడిపడినట్టుంది, విప్పడానికి కొంచెంసేపు పట్టింది. యజమాని ఆయన వైపు చూడను కూడా చూడలేదు, కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆ పాప ఈసారి చిన్నగా, "ఓ" అంది. అది కూడా అందరికీ వినపడింది.

మధ్యలో ఒక పొరపాటు జరిగింది. ఉత్తరీయానికి నేను పెట్టిన పిన్నీసు ఊడిపోయి, యజమాని చేతులు ఊపినప్పుడల్లా అది భుజం మీంచి జారసాగింది. ఆయనకి సర్దుకోవడం రాదు. డైలాగ్ మరిచిపోయి దాన్ని లాక్కుంటూ తంటాలు పడుతుంటే, బ్రదర్ వెనకనుంచి వచ్చి మామూలుగా దాన్ని అందుకుని, భుజం మీద మడత సరిచేసి, ఆ సీను అయిపోయేదాకా ఒక కొస పట్టుకుని నిలబడ్డారు. చూసేవాళ్ళు అది నాటకంలో ఉన్నదే అనుకున్నారు.

చివర్లో తలుపు తట్టే ఘట్టం వచ్చింది. ఉత్తరం అందించేటప్పుడు బ్రదర్ తలెత్తి యజమాని కళ్ళలోకి చూశారు. రిహార్సల్‌లో ఎప్పుడూ అలా చూడలేదు. యజమాని ఉత్తరం చదివి ఆయన్ని కౌగిలించుకున్నాడు. ముందు వరసలో బ్రదర్ వాళ్ళావిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

భోజనాల దగ్గర ఒక పెద్దాయన, ఇండియా నుంచి కొడుకు దగ్గరికి వచ్చినాయన, ప్లేటు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. "నాటకం బాగుందమ్మా. కానీ దాసుడు దాసుడిలా లేడు. బట్టలు కొంచెం చూసుకోవాల్సింది" అన్నారు. నేను పుస్తకం సంగతి ఎత్తబోయాను. పక్కనే ఉన్న అమ్మగారు అందుకుని, "అప్పట్లో అలాగే ఉండేవాళ్ళండీ. మేం చదివే చేశాం" అన్నారు, ఆ పుస్తకం తానే చదివినట్టు. నాకు నవ్వొచ్చింది, సంతోషంగానూ ఉంది.

కానీ ఆ మాటే నన్ను కొన్నాళ్ళు వదల్లేదు. మేం చదివి చేశాం, నిజమే. శనివారం రిహార్సల్‌లో నా ఎదురుగా నిలబడి ఒక మనిషి "ఇది వద్దు" అంటే నేను వినలేదు, ఎగతాళి చేశాను. ఎప్పుడో చచ్చిపోయిన ఊరూ పేరూ తెలియని దాసులు అలాంటివి వేసుకోలేదని లైబ్రరీ పుస్తకంలో కనపడగానే నమ్మాను. ఆ పేజీలో దాసులు గోనెపట్టలే కట్టుకునేవారని రాసి ఉంటే నేనేం చేసేదాన్ని? పుస్తకం పట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళి, "చూడండి బ్రదర్, ఇది నిజం" అని వాదించేదాన్నేమో.

రెండు వారాల తరువాత, ఆరాధన అయ్యాక ఇద్దరం కుర్చీలు మడిచి గోడకి పేరుస్తున్నప్పుడు ఈ మాట ఆయనకే చెప్పేశాను. ఆయన చేతిలో కుర్చీ కింద పెట్టారు.

"పుస్తకంలో ఏం రాసున్నా నేను మాత్రం అది వేసుకునేవాణ్ణి కాదు సిస్టర్" అన్నారు. "మీరు ఇంకొకరికి వేసేవాళ్ళు. వేషం బాగానే ఉండేది, జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. నేను రెండో వరసలో కూర్చుని చూసేవాణ్ణి."

ఆయన ఇంకో కుర్చీ మడిచి నాకు అందించారు. ఇంకా నాలుగు వరసలు మిగిలే ఉన్నాయి.